చేపల వేట దీపం

చేపల వేట దీపం అనగా రాత్రివేళ చిన్న పడవపై నుండి చేపలు పట్టునపుడు, వెలుతురు కొరకు పడవకు పైభాగాన కట్టుకొనే దీపం. దీనిని ఎక్కువగా జాలరులే స్వయంగా తయారు చేసుకొంటారు. కోస్తా ఆంధ్రలో నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం మొదలైనచోట్ల చేపల వేట ముఖ్య జీవనాధారం. వీటిలో మొదటి రెండు పూర్వపు గుంటూరు జిల్లాకు, తరువాతి రెండు పూర్వపు ప్రకాశం జిల్లాకు చెందినవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో మొదటి మూడు బాపట్ల జిల్లాలో చేరినవి.

చరిత్ర

వేటలో దీపం వాడకం చాలా ప్రాచీనమైనది. జపానులోని నగారా నదిలో నీటికాకుల సాయంతో చేపలు పట్టేవారు నేటికీ పడవ ముందు భాగాన ఇనుప బుట్టను వ్రేలాడదీసి అందులో కట్టెలు మండిస్తారు. 20వ శతాబ్దంలో కిరోసిన్ పీడనంతో వెలిగే పెట్రోమాక్సు దీపాలు ప్రపంచమంతటా వ్యాపించినవి. ఆఫ్రికాలోని విక్టోరియా, టాంగన్యీకా సరస్సులలో చిన్న చేపల వేటకు ఇటువంటి దీపాలే ఆధారమైనవి. 1990లలో నీలిరంగు ఎల్.ఇ.డి. రూపొందిన తరువాత తక్కువ విద్యుత్తుతో తెల్లని వెలుగు పొందుట సాధ్యమైనది. దీని ఆవిష్కర్తలు ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

శాస్త్రీయ వివరణ

కొన్ని జీవులు వెలుతురు వైపు కదలుటను ధన కాంతి అనుచలనం అంటారు. ప్రత్తి, మిరప చేలలో రెక్కల పురుగులను పట్టుటకు పెట్టే దీపపు ఎరలు కూడా పురుగులు వెలుగుకు చేరే గుణంపైనే ఆధారపడినవి. సముద్రంలో కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతల వంటి గుంపు చేపలు, స్క్విడ్లు వెలుతురుకు చేరుతాయి. వెలుగు చుట్టూ పోగయ్యే సూక్ష్మజీవుల కొరకు చిన్న చేపలు, వాటి కొరకు పెద్ద చేపలు వస్తాయి. అయితే పెద్ద చేపలు తరచు పడవ నీడ అంచున, వెలుగు చీకట్ల హద్దులో పొంచి ఉంటాయి.

నీరు ఎరుపు రంగును త్వరగా పీల్చుకొంటుంది. నీలం, ఆకుపచ్చ రంగులు లోతుగా పోతాయి. వెన్నెల రాత్రులలో సముద్రమంతా వెలుతురు పరచుకొనుట వలన దీపం ప్రభావం తగ్గుతుంది. అందుచేత అమావాస్యకు అటూ ఇటూ ఉండే రాత్రులు ఈ వేటకు అనుకూలం.

తయారీ

* కంబం: వెదురు గడ లేదా పీవీసీ గొట్టం. దీపం మనిషి తలకంటె ఎత్తున ఉండాలి. బరువు పైకి చేరితే చిన్న పడవ ఒరుగుతుంది కనుక కంబం తేలికగా ఉండాలి.
* డిప్ప: దీపంపై రేకు డిప్ప అమర్చి కాంతిని క్రిందికి, వల మీదికి మళ్ళిస్తారు. వెలుతురు సూటిగా కంటికి తగిలితే చీకటిలో చూచే శక్తి పోతుంది. అది పూర్తిగా తిరిగి రావడానికి 20 నుండి 30 నిమిషాలు పట్టవచ్చు. ఆ సమయంలో ఎదురుగా వచ్చే ఓడ కనిపించకపోవచ్చు.
* బ్యాటరీ: 12 వోల్టుల బ్యాటరీతో 10 వాట్ల దీపం 8 గంటలు వెలుగుటకు 80 వాట్-గంటలు, అనగా సుమారు 7 ఆంపియర్-గంటలు కావాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖర్చు చేయరాదు కనుక 14 ఆంపియర్-గంటలది తగినది.
* ఫ్యూజు, తీగలు: ఫ్యూజును బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరగా ఉంచాలి. ఉప్పుగాలికి రాగి త్వరగా చిలుము పడుతుంది కనుక అతుకులకు గ్రీజు పూసి చుట్టు కట్టాలి. బ్యాటరీని పడవ అడుగున, గాలి ఆడే పెట్టెలో కదలకుండా బంధించాలి.

భద్రత

పని దీపం వేరు, నౌకా సంకేత దీపం వేరు. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర ప్రమాద నివారణ నియమాల ప్రకారం ట్రాలు వల కాక ఇతర వలలతో వేటాడే నౌక, పైన ఎరుపు, క్రింద తెలుపు దీపాలను అన్ని దిక్కులకూ కనబడునట్లు చూపాలి. పని దీపపు వెలుగులో ఈ సంకేతాలు మరుగున పడరాదు.

వివాదం, చట్టం

పెద్ద పడవలు జనరేటర్లతో శక్తివంతమైన దీపాలు వెలిగించి గుంపులను ఒకేసారి పట్టివేయుట వలన పిల్లచేపలు కూడా నశిస్తాయి. తీరానికి దగ్గరగా వేటాడే చిన్న జాలరులకు చేపలు మిగలవు. ఈ కారణంగా కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరు 10న ప్రత్యేక ఆర్థిక మండలంలో కృత్రిమ దీపాలతో, ఎల్.ఇ.డి. లతో వేటను నిషేధించింది. తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ లోపలి వేట రాష్ట్రాల పరిధిలోనిది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వర్తిస్తుంది.

వల చిక్కు విడదీసుకొనుటకు, చేపలను ఏరుకొనుటకు వాడే చిన్న దీపానికీ, చేపలను ఆకర్షించుటకు వాడే దీపానికీ ఉద్దేశంలో భేదం కలదు. కాని వస్తువు ఒకటే అగుటచే, దానిని పడవలోనికి వెలుగు పడునట్లు అమర్చుకొనుట చిన్న జాలరికి అన్ని విధాల క్షేమం.

ఇవి కూడా చూడండి

* తెప్ప
* నిజాంపట్నం
* వాడరేవు
* కాంతి ఉద్గార డయోడు