ఊరు దాటిన నకలు

హెర్మన్ నౌస్ట్ పుట్టగొడుగుల వ్యాపారి. న్యూయార్క్ రాష్ట్రంలోని లివింగ్‌స్టన్ దగ్గర ఖనిజం అయిపోయిన ఒక ఇనుప గనిని సాగు కోసమని 1936లో కొన్నాడు. అణుయుద్ధ భయం అమెరికాను పట్టుకున్న రోజుల్లో, 1951లో, దాన్నే కంపెనీల రికార్డులు దాచే భద్రశాలగా మార్చాడు. నేటి ఐరన్ మౌంటెన్ సంస్థకు పునాది అదే. తొలి ఖాతాదారైన ఈస్ట్ రివర్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ వివరాల మైక్రోఫిల్ములను, సంతకాల కార్డుల నకళ్లను కవచ వాహనాల్లో అక్కడికి చేర్చింది. నకళ్లను తన బీరువాలోనే పెట్టుకోవచ్చుగా అంటే, నగరానికే ముప్పు వచ్చిననాడు ఆ బీరువా కూడా మిగలదు. ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కూ మూలసూత్రం ఇదే. ఎన్ని నకళ్లున్నా అన్నీ ఒకే కప్పు కింద ఉంటే ఒకే ప్రమాదంలో పోతాయి. నకలుకు బలం దూరమే.

బ్యాంకులకు ఆనాడే అందిన ఆ దూరం మామూలు ఇళ్లకు అందడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ పది మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో వచ్చింది. దానితోపాటే వచ్చిన డాస్ 2.0లో బ్యాకప్ అనే ఆదేశం ఉంది. కానీ 360 కిలోబైట్ల ఫ్లాపీల్లోకి ఆ డిస్కు మొత్తాన్ని ఎక్కించాలంటే దాదాపు ముప్పై ఫ్లాపీలు కావాలి. ఒక్కొక్కటీ పెట్టి, నిండగానే తీసి, వరుస నంబరు రాసి, మళ్లీ ఇంకొకటి పెట్టాలి. ఇంత శ్రమపడి తీసిన కట్టను ఎవరైనా కంప్యూటర్ పక్క సొరుగులోనే పెట్టుకుంటారు. వేరే ఇంటికి చేర్చి, కొత్త నకలు తీసిన ప్రతిసారీ వెళ్లి మార్చే ఓపిక ఎందరికుంటుంది?

ఆ భారాన్ని తగ్గించినవాటిలో ముఖ్యమైనది 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ విడుదల చేసిన ప్రోగ్రాం ఆర్‌సింక్. ఇది ఫైలును చిన్న ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కకు లెక్కగట్టిన గుర్తును అవతలి కంప్యూటర్లోని నకలు గుర్తులతో పోల్చి, మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నా రోజువారీ మార్పులు దూరం దాటగలిగాయి. 2006లో అమెజాన్ ఎస్3 వచ్చి నిల్వను అద్దెకిచ్చాక, ఆ అద్దె ఇంటి ఖర్చుల్లో ఇమిడింది. మూడు నకళ్లు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అన్న 3-2-1 సూత్రానికి ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రాచుర్యం తెచ్చింది కూడా ఈ కాలంలోనే.

ఫోన్లో ఫొటోలు ఎలాగూ క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి కదా, ఇంకా ఎందుకని అడిగేవారున్నారు. అది చాలావరకు సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. పాత రూపాలను విడిగా దాచి ఉంచేదే బ్యాకప్. పరాయి సర్వర్లో సొంత కాగితాలేమిటన్న సందేహం న్యాయమైనదే. దానికి మందు ఎన్‌క్రిప్షన్: పంపకముందే తాళం పడాలి, తాళంచెవి మనదగ్గరే ఉండాలి. అద్దె వద్దనుకుంటే వేరే ఊళ్లోని అక్క ఇంట్లో మన డిస్కు, మన ఇంట్లో ఆమె డిస్కు పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు ఉండే తెలుగు కుటుంబాలకు ఇది కష్టమేమీ కాదు. ఇంత జాగ్రత్త అతి అనిపిస్తే 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరును తలచుకోవాలి. నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కంప్యూటర్నీ దాని పక్కనున్న డిస్కునూ వేరుచేసి చూడవు. వృత్తి సంస్థలకూ మినహాయింపు లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న ఖాతాదారులు కొందరు రెండింటినీ పోగొట్టుకున్నారు.

దూరం ఒక్కటే చాలదన్న మాటా నిజమే. 1998లో పిక్సార్‌లో ఒక పొరపాటు ఆదేశం టాయ్ స్టోరీ 2 ఫైళ్లను చాలావరకు తుడిచేసింది. బ్యాకప్ సరిగా పనిచేయడం లేదని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. ప్రసవం తర్వాత ఇంటినుంచి పనిచేస్తున్న ఆ సినిమా బృంద సభ్యురాలు గాలిన్ సస్‌మన్ కంప్యూటర్లో ఉన్న నకలే సినిమాను గట్టెక్కించింది. స్టూడియోలోని నకలును ఎవరూ పరీక్షించలేదు, ఇంట్లోని నకలు అక్కడుండటం కేవలం అదృష్టం. అదృష్టం చేసిన పనిని మనం తెలిసి చేయాలి. పిల్లల ఫొటోలు, ఇంటి పత్రాల స్కాన్లు, పోయినవారి గొంతుల రికార్డింగులు మళ్లీ సంపాదించుకోలేనివి. వాటి నకలొకటి ఊరు దాటించి, మూడు నెలలకోసారి అందులోంచి ఏదో ఒక ఫోల్డరును వెనక్కి తెచ్చి తెరిచి చూడాలి. తెరుచుకున్నదే బ్యాకప్.