నౌపడ చిన్న రైలు, తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు



మన హాల్లో కిటికీ పక్కన పెట్టిన అద్దాల పెట్టె గురించి చాలామంది అడుగుతున్నారు. ఈ బొమ్మ రైలు ఎవరిది, సగంలో ఎందుకు ఆగిపోయింది అని. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే ఇక్కడ రాస్తే మేలనిపించింది. కాస్త పొడుగే, తీరిక చూసుకుని చదవండి. మా బడి చదువంతా పెరంబూరులో తమిళ మీడియం. తెలుగు రాత ఉద్యోగంలో చేరి ఇటు వచ్చాకే పట్టుబడింది. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ఆ పెట్టె మాతోపాటు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మిత్రుడిది. ఆయన పోయిన ఏడాది కాలం చేశారు. కొడుకు ఇల్లు ఖాళీ చేస్తూ, పాత ఇనుము వాడు గుమ్మంలో నిలబడి ఉండగా మాకు ఫోను చేశాడు. మేము నలుగురం ఆటో వేసుకుని వెళ్లి తెచ్చాం. అరగంట ఆలస్యమైతే ఆ పెట్టె తూకానికి పోయేది.

అందులో ఉన్నది నౌపడ యార్డు. ఒకవైపు పెద్ద లైను, దాని పక్కనే పర్లాకిమిడి చిన్న లైను. ఈ తరం పిల్లలకు ఆ లైను కథ తెలియదు కాబట్టి ముందు అది చెప్తాం.

కటకం నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను 1893-1896 మధ్య పడింది. మన బరంపురానికి రైలు వచ్చింది అప్పుడే. పర్లాకిమిడి మాత్రం లోపలికి ఉండిపోయింది. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ గారు తన రాజధానిని నౌపడతో కలపాలనుకున్నారు. 1898లో అనుమతి దొరికింది. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో, దాదాపు 40 కిలోమీటర్ల లైను 1900 ఏప్రిల్ 1న తెరిచారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మొదటి ఏళ్లలో నష్టమే. 1910 తర్వాత కొద్దిగా లాభం కనబడింది, 1924-25 తర్వాత బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపూరు దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు.

అప్పట్లో ఇదంతా మద్రాసు రాజధానే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. సరిహద్దు గీత ఈ లైనును అడ్డంగా కోసింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం అటుపక్క. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూరు ఇటుపక్క. రైలు మాత్రం మునుపటిలాగే తిరిగింది. పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలూ అలాగే సాగాయి. మనలో ఎంతమంది ఇళ్లకు కోడళ్లు ఆ బండిలోనే వచ్చారో లెక్కపెట్టుకోండి. చిన్న లైను మీద ఆఖరి బండి 2004 జూన్ 9న నడిచింది. ఇప్పుడు అదే దారిలో బ్రాడ్ గేజ్ బండ్లు నడుస్తున్నాయి. మంచిదే, కాదనం. కానీ ఆ చిన్న బండి ఎలా ఉండేదో చూపించడానికి మన పిల్లలకు మిగిలింది ఈ పెట్టె ఒక్కటే.

పెట్టె తెచ్చాక మిగతా సగం మేమే పూర్తి చేద్దామని దిగాం. దిగగానే బోల్తాపడ్డాం. ఒక నగరంలో బొమ్మల దుకాణం వాడు మన రైళ్లన్నీ ఇందులో నడుస్తాయని చెబితే, నలుగురం చందా వేసుకుని హెచ్‌ఓ సెట్టు ఒకటి కొన్నాం. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిస్తే పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ అంటే అసలు కొలతను 87తో భాగించడం. 16.5ను 87తో హెచ్చవేస్తే 1435 వస్తుంది. అది విదేశీ లైన్ల కొలత. మన బ్రాడ్ గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు. మన పెట్టెలు ఆ పట్టాల మీద పెడితే పెద్ద మనిషికి పసివాడి చెప్పులు తొడిగినట్టు ఉంటుంది.

అప్పుడు మిత్రుడి నోటు పుస్తకం తిరగేశాం. ఒక పేజీలో ఎర్ర సిరాతో లెక్క ఉంది. 762ను 87తో భాగిస్తే 8.76. ఎన్ గేజ్ అని అమ్మే పట్టాలు 9 మిల్లీమీటర్లు! అంటే ఎన్ గేజ్ పట్టాలు వేసి, వాటి మీద హెచ్‌ఓ కొలతలో కట్టిన పెట్టెలు నడిపితే మన పర్లాకిమిడి లైను దాదాపు సరిగ్గా వచ్చేస్తుంది. మేము డబ్బు తగలేసి నేర్చుకున్నది ఆయన ముందే రాసి పెట్టుకున్నారు. ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా మా మొదటి మాట ఇదే: కొలత వేశాకే కొనండి.

రెండో మాట, 90 కిలోమీటర్లనూ చేయాలనుకోకండి. 87తో భాగించినా కిలోమీటరు దాటుతుంది. ఒక్క స్టేషను చాలు. ఈ లెక్కలో మామూలు మనిషి రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు.

ఇక సామాన్లు. పట్టాలు, ఇంజను కింది భాగం మాత్రం బయటి నుంచి తెప్పించుకోవాలి. పట్టాలకు ఇంగ్లండు పీకో, ఎన్ గేజ్ ఇంజన్లకు జపాను కాటో పేరున్నవి. మిగతాదంతా మన ఊళ్లోనే దొరుకుతుంది. సన్న రంపపు బ్లేడు, ఆకురాయి, ఇత్తడి రేకు కంసాలి పనిముట్ల కొట్లో. సాల్డరింగు కడ్డీ, సన్న తీగ మొబైల్ రిపేరు కొట్లో. పెట్టెల గోడలకు ఫోటో ఫ్రేములు కట్టేవారి దగ్గర మిగిలిన మందపాటి అట్ట. కంకరకు జల్లెడ పట్టిన ఇసుక. గడ్డికి ఆకుపచ్చ రంగు వేసి ఎండబెట్టిన రంపపు పొట్టు. ఫెవికాల్‌లో నీళ్లు, ఒక చుక్క సబ్బు కలిపి పోస్తే ఇసుక కదలదు. ఈ బండ్లు సాధారణంగా 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. వోల్టేజి తగ్గిస్తే నెమ్మదిస్తుంది, తీగలు తారుమారు చేస్తే వెనక్కి పోతుంది.

పొగగొట్టం, ఆవిరి గుమ్మటం లాంటి గుండ్రటి భాగాలకు ఏటికొప్పాక వారి లక్క బొమ్మల పనితనం అక్కరకొస్తుంది. అక్కడ అంకుడు కర్రను మరమీద తిప్పి ఎంత చిన్న బొమ్మైనా తీస్తారు. మన గంజాంలోనే బెల్లగుంఠ ఇత్తడి చేప ఉంది కదా, ఒళ్లంతా వంగేది. ముక్కకు ముక్క తగిలించే ఆ కిటుకు చూసినవాడికి పెట్టెకు పెట్టె తగిలించడం బరువేమీ కాదు.

చూసి నేర్చుకోవాలంటే పుణె కొత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే ఉంది, 1998 నుంచి నడుస్తోంది. నాగపూరులో నారో గేజ్ మ్యూజియం 2002లో తెరిచారు. మద్రాసు వెళ్లేవారికి మా పెరంబూరు ఐసీఎఫ్ దగ్గర రైలు మ్యూజియం. ఢిల్లీ వెళ్తే చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం, 1977 నాటిది. ఇంట్లో కూర్చుని చూసేవారికి 1989లో మొదలైన ఐఆర్ఎఫ్‌సీఏ అనే రైలు అభిమానుల సంఘం సేకరించిన ఫోటోలు, వివరాలు ఇంటర్నెట్టులో ఉన్నాయి.

అన్నీ చెప్పాం కానీ, ఏ కొట్లోనూ దొరకని సామాను ఒకటుంది. మిత్రుడి పటంలో సగం యార్డే ఉంది. మిగతా సగం ఆయన తలలో ఉండిపోయింది. నీళ్ల తొట్టి ఎటుపక్క ఉండేది, టీ కొట్టు ఎక్కడ, చిన్న బండి దిగి పెద్ద బండి ఎక్కడానికి జనం ఎటు నడిచేవారు, ఇవి చెప్పగలిగేవారు మన సంఘంలో డెబ్బై దాటినవాళ్లే. ఆయన్ని అడుగుదాం అడుగుదాం అనుకుంటూనే మేము రోజులు గడిపేశాం. ఆయన నోటు పుస్తకం చివర ఒక చిన్న అట్ట టికెట్టు అంటించి ఉంది. ఆఖరి రోజు తన సొంత డబ్బుతో కొన్నదట. దాని కింద ఆయన ఏమీ రాయలేదు.

కాబట్టి పెద్దలకు మా మనవి. ఆదివారం సాయంత్రం హాలుకు రండి. పెళ్లి ఆల్బములో వెనక ఎక్కడో ఆ బండి కనబడినా సరే, ఆ ఫోటో తీసుకురండి. ఫోటో లేకపోతే జ్ఞాపకం తెచ్చుకురండి, మేము రాసుకుంటాం. రాలేని మామ్మలు, తాతలు ఉంటే మనవలతో కబురు పంపండి, మేమే ఇంటికి వస్తాం. ఈసారి ఆలస్యం చేయం.