సిగరెట్టు పెట్టెమీది బొమ్మ వెనుక చరిత్ర

వడమాలపేటలో రోడ్డు పక్కనున్న ఒక బంకు వద్ద ఇటీవల ఒక యువకుడు సిగరెట్టు పెట్టె అడిగాడు. పెట్టెమీద పుండుపడిన గొంతు బొమ్మ చూసి, "ఈ బొమ్మ వద్దన్నా, ఇంకోటియ్యి" అన్నాడు. అన్నింటిమీదా అదే బొమ్మ ఉన్నదని తెలిసి, రెండు విడి సిగరెట్లు కొనుక్కొని వెళ్ళిపోయాడు. ఆ బొమ్మకు ఎంత బలమున్నదో, దానిని తప్పించుకొనే దారి ఎంత సులభమో ఒక్క నిమిషంలో కనిపించింది. ఆ బొమ్మ పెట్టెమీదికి రావడానికి మాత్రం ఏళ్ళ తరబడి పోరాటం జరిగింది. వ్యాపార సంఘాలు చట్టసభలను ఏ విధంగా ప్రభావితం చేస్తాయో తెలుసుకోవడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు.

ఈ విద్యకు మూలాలు అమెరికాలో ఉన్నాయి. పొగత్రాగడానికీ క్యాన్సరుకూ సంబంధమున్నదని పరిశోధనలు చెప్పగానే, అక్కడి కంపెనీలు 1954 జనవరిలో 400కు పైగా పత్రికలలో ఉమ్మడి ప్రకటన వేయించాయి. "ఇంకా నిర్ధారణ కాలేదు, మరింత పరిశోధన కావాలి" అన్న అనుమానాన్ని నాటడమే చాలింది. 1958లో పొగాకు సంస్థ అనే సంఘాన్ని స్థాపించారు. కొన్నేళ్ళకు కెంటకీ రాష్ట్రపు మాజీ సెనేటరు ఎర్ల్ క్లెమెంట్స్ దానికి అధ్యక్షుడయ్యాడు. సభ లోపలి మనుషులు, అలవాట్లు, కాగితాలు కదిలే తీరు ఆయనకు తెలుసు. సభ్యునికి ప్రసంగం వ్రాసిపెట్టే సహాయకులకూ, బిల్లు ముసాయిదా చూసే సిబ్బందికీ అంకెలు, వాదనలు, సాక్షులు సిద్ధంగా అందించడమే ఇటువంటి సంఘాల పని. 1998లో కంపెనీలకూ 46 రాష్ట్రాలకూ మధ్య కుదిరిన ఒప్పందంతో ఆ సంస్థ మూతపడింది. దాని లోపలి పత్రాలు లోకానికి తెలిశాయి.

మన దేశంలో దారి కొంత వేరు. అమెరికా సభ్యునికి ఉన్నంత సిబ్బంది మన పార్లమెంటు సభ్యునికి లేదు. యువ పట్టభద్రులను శాసన సహాయకులుగా సభ్యులకు ఇచ్చే ఏర్పాటును ఒక స్వచ్ఛంద పరిశోధన సంస్థ ప్రారంభించినది కూడా 2010లోనే. సొంతంగా అధ్యయనం చేసే మనుషులు లేనప్పుడు, ఎవరి కాగితం ముందుగా చేతికి అందితే వారి మాటే విషయ పరిజ్ఞానంగా చెల్లుతుంది. కనుక మన దగ్గర ప్రభావం ప్రధానంగా కమిటీల ద్వారా, బోర్డుల ద్వారా, వినతిపత్రాల ద్వారా సాగుతుంది.

బోర్డు అనగానే మన గుంటూరు గుర్తుకు వస్తుంది. 1975 చట్టం ప్రకారం 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం అక్కడే ఉన్నది. రైతుకు గిట్టుబాటు ధర, ఎగుమతుల అభివృద్ధి దాని ధ్యేయాలు. అందులో పార్లమెంటు సభ్యులు, రైతులు, వర్తకులు, తయారీదారుల ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఇది చట్టం చేసిన ఏర్పాటే, రహస్యమేమీ లేదు. అయితే పొగాకు వల్ల జబ్బుపడిన రోగికి మాత్రం ఆ బల్ల వద్ద కుర్చీ లేదు.

2003లో కేంద్రం పొగాకు నియంత్రణ చట్టం చేసింది. బొమ్మల హెచ్చరికల నియమాలు 2006లో వచ్చినా, పలుమార్లు వాయిదా పడి 2009 మే 31న అమలయ్యాయి. పుర్రె గుర్తు తప్పనిసరి కాకుండా పోయింది. పెట్టె ముందుభాగంలో 40 శాతానికే బొమ్మ పరిమితమైంది. 2014 అక్టోబరులో ఆరోగ్య శాఖ దానిని రెండువైపులా 85 శాతానికి పెంచుతూ, 2015 ఏప్రిల్ 1 నుండి అమలు చేయాలని ఆదేశించింది. గడువుకు కొద్ది రోజుల ముందు లోక్‌సభ ఉపశాసన కమిటీ అడ్డుపడింది. పొగాకుకూ క్యాన్సరుకూ సంబంధాన్ని చూపే భారతీయ అధ్యయనాలు లేవని, ఉన్నవన్నీ విదేశాలవని కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ అన్నారు. అదే కమిటీలో బీడీ వ్యాపారం గల అలహాబాదు సభ్యుడు శ్యామాచరణ్ గుప్తా కూడా ఉన్నారు. ప్రభుత్వం అమలును వాయిదా వేసింది.

భారతీయ అధ్యయనాలు లేవన్న మాట విన్నప్పుడు తెలుగు వైద్యుడిగా నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. చుట్టను నిప్పు నోటిలోపల ఉండేటట్లు కాల్చే అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఉండేది. దానిని అడ్డపొగ అంటారు. చుట్టవల్ల వచ్చే నోటి క్యాన్సరును గురించి డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే వ్రాశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అంగిటిలో వచ్చే మార్పులను వివరించిన పరిశోధన 1971లో ప్రచురితమైంది. ఎక్కువగా ఆడవారి అంగిళ్ళే సాక్ష్యం పలికాయి. నలభై ఏళ్ళ తరువాత ఆ సాక్ష్యం ఢిల్లీలో లేనట్లే అయిపోయింది. దానిని కమిటీ సభ్యుల చేతికి సమయానికి అందించే సంఘం రోగులకు లేదు.

చివరకు న్యాయస్థానాల జోక్యంతో 85 శాతం నియమం 2016 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. కమిటీ అంతకు కొద్దిగా ముందు 50 శాతం చాలునని సిఫారసు చేసింది. నియమాలు అస్పష్టంగా ఉన్నాయంటూ పెద్ద సిగరెట్టు కంపెనీలు ఆ రోజు నుండి ఉత్పత్తి నిలిపివేశాయి. మే 4న సుప్రీంకోర్టు నియమాలను పాటించవలసిందేనన్నది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు వాటిని కొట్టివేయగా, 2018 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది.

ఈ పోరాటంలో సంఘాలు తరచు ముందు నిలబెట్టినది ప్రకాశం, గుంటూరు జిల్లాల పొగాకు రైతును, తెలంగాణ బీడీ కార్మికురాలిని. వారి కష్టం నిజమైనది. ప్రత్యామ్నాయ పంటా ఉపాధీ చూపకుండా వారిని వదిలేయడం న్యాయం కాదు. కానీ వారి కన్నీటిని పెట్టెమీది బొమ్మకు అడ్డుతెరగా వాడుకోవడం వేరే సంగతి. బొమ్మ చిన్నదైతే రైతుకు ధర పెరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు.

వ్యాపారులు సంఘం పెట్టుకోవడం, వినతులు ఇవ్వడం ప్రజాస్వామ్యంలో వారి హక్కు. ఎవరు ఎవరిని కలిశారో, ఏ కాగితం ఇచ్చారో ప్రజలకు తెలియాలి. ఆ వ్యాపారంలో ఉన్న సభ్యుడు ఆ విషయంపై తీర్పరిగా కూర్చోకూడదు. మన దేశం 2004లో అంగీకరించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒడంబడిక 5.3 అధికరణం చెప్పేది కూడా, పొగాకు వ్యాపార ప్రయోజనాల నుండి ఆరోగ్య విధానాలను కాపాడమనే.

మనం కూడా ఊరకే ఉండనక్కరలేదు. నియమాల ముసాయిదాలపై అభ్యంతరాలు కోరినప్పుడు ఒక కార్డు ముక్క వ్రాసినా అది దస్త్రంలోకి చేరుతుంది. ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటే, పెట్టెమీద ముద్రించిన 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. విడి సిగరెట్టు కొనేవాడికి ఆ బొమ్మా కనిపించదు, ఆ నంబరూ కనిపించదు. మన ఊరి బంకుల్లో ముందుగా ఆ సంగతి చూద్దాం.