చెత్తకుప్పల పక్కన పుట్టిన వైద్యశాల

అమెరికాలో ఇన్సూరెన్స్ లేనివాళ్లు, జీతం తక్కువున్నవాళ్లు వెళ్లి చూపించుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల గురించి మనలో చాలామంది వినే ఉంటారు. అక్కడ ఫీజు ఆదాయాన్ని బట్టి ఉంటుంది. డబ్బు లేదని ఎవరినీ తిప్పి పంపరు. అయితే ఇవి ఎక్కడ పుట్టాయో తెలిసినవాళ్లు తక్కువ. ఆ కథ బోస్టన్‌లో పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో మొదలైంది. దాని వేరు మాత్రం దక్షిణాఫ్రికాలో ఉంది.

1954లో బోస్టన్ సముద్రపు ఒడ్డున కొలంబియా పాయింట్ గృహ సముదాయం మొదలైంది. సుమారు 1,500 ఇళ్లు. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో అంత పెద్ద సముదాయం మరొకటి లేదు. ఇళ్లు కొత్తవే, చోటే మంచిది కాదు. పక్కనే ఊరి చెత్తంతా పోసే డంపు. పిల్లవాడికి జ్వరం వస్తే బస్సులు మారి దూరాన ఉన్న సిటీ హాస్పిటల్‌కు పోవాలి. 1962లో చెత్త లారీ కింద పడి ఒక చిన్న పాప చనిపోయింది. అప్పుడు అక్కడి తల్లులు లారీలకు అడ్డంగా రోడ్డు మీద నిలబడ్డారు. ఆ పోరాటంతో చివరికి డంపు మూతపడింది. వైద్యశాల రాకముందే ఆరోగ్యం కోసం ఆ వాడవాళ్లు గెలిచిన మొదటి పోరాటం అది.

ఇక దక్షిణాఫ్రికా సంగతి. 1940లో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టర్ దంపతులు నాటాల్‌లోని ఫొలేలా అనే పల్లెలో ఒక ఆరోగ్య కేంద్రం పెట్టారు. మందులివ్వడంతో ఆగకుండా, ఊరివాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. కూరగాయల తోటలు వేయించారు, మరుగుదొడ్లు కట్టించారు. తరువాత డర్బన్‌లో ఆఫ్రికన్ల లామంట్‌విల్ వాడలోనూ, భారతీయుల వాడల్లోనూ ఇదే పద్ధతి నడిపారు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల పనికి నాటాల్ వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వర్ణవివక్ష ప్రభుత్వానికి ఈ పని నచ్చలేదు. 1960 నాటికి ఆ ప్రయోగం దాదాపు ఆగిపోయింది.

అది ఆగేలోపే, 1957లో, జాక్ గైగర్ అనే అమెరికన్ వైద్య విద్యార్థి ఫొలేలా, లామంట్‌విల్ వెళ్లి ఆ పని నేర్చుకున్నాడు. 1964లో మిసిసిపీ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేస్తూ అక్కడి నల్లజాతి పేదల అవస్థ చూశాడు. ఆఫ్రికాలో చూసిన మందు ఇక్కడా కావాలనుకున్నాడు. టఫ్ట్స్ యూనివర్సిటీ డాక్టర్ కౌంట్ గిబ్సన్‌తో కలిసి, పేదరికంపై పోరాటం పథకం కింద ప్రభుత్వాన్ని నిధులు అడిగాడు. 1965 డిసెంబరులో కొలంబియా పాయింట్ సముదాయంలోని ఫ్లాట్లలోనే కేంద్రం తెరిచారు. అక్కడివాళ్లకే కొందరికి అందులో ఉద్యోగాలు దొరికాయి. ఆ వాడ నుంచి ఆసుపత్రిలో చేరేవాళ్ల సంఖ్య బాగా తగ్గిందని 1969లో డాక్టర్లు లెక్క చూపించారు.

కానీ డబ్బు యూనివర్సిటీ చేతికి వచ్చేది. డబ్బు ఎవరి దగ్గరుంటే మాట వాళ్లదే కదా! అందుకే వాడవాళ్లు తమ ఆరోగ్య సంఘం పెట్టుకుని, నిర్ణయాల్లో వాటా అడిగారు. ఇలాంటి పోరు దేశంలో చాలాచోట్ల జరిగింది. 1975లో వచ్చిన చట్టం రోగులకే పెద్దవాటా ఇచ్చింది. నేడు ఈ కేంద్రాల బోర్డుల్లో కనీసం 51 శాతం మంది అక్కడ వైద్యం చేయించుకునేవాళ్లే ఉండాలి.

కథంతా సుఖాంతం కాదు. మరమ్మతులు లేక కొలంబియా పాయింట్ పాడుబడింది. చివరికి మూడు వందల కుటుంబాలే మిగిలాయి. తమను ఖాళీ చేయిస్తారేమోనని భయపడిన ఆ కుటుంబాలు 1978లో ఒక సంఘం కట్టి, కొత్త నిర్మాణంలో తామూ భాగస్వాములమని పట్టుబట్టాయి. 1980ల్లో కట్టిన హార్బర్ పాయింట్‌లో 1,283 ఇళ్లుంటే, పేదలకు 400 మిగిలాయి. ముందున్న పదిహేను వందలతో పోలిస్తే తక్కువే. కూర్చుని అడగకపోతే అవీ దక్కేవి కావు. వైద్యశాల మాత్రం గైగర్, గిబ్సన్ పేర్లతో ఇప్పటికీ నడుస్తోంది.

1990లో ప్రభుత్వ గృహాల్లో ఉండేవారి వైద్యం కోసం ప్రత్యేక పథకం వచ్చింది. నేడు దేశమంతటా ఈ కేంద్రాలకు ఏటా మూడు కోట్ల మందికి పైగా వస్తున్నారు. మీ ఊళ్లో ఒకటి ఉంటే వెళ్లండి. భాష ఇబ్బందైతే దుబాసీని అడగండి, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. మీరు అక్కడి రోగులైతే బోర్డులో చోటుకు మీరూ అర్హులే. సమావేశం ఎప్పుడో కనుక్కుని, ఒకసారి వెళ్లి కూర్చోండి.