గోధుమ రంగు కొవ్వు

గోధుమ రంగు కొవ్వు క్షీరదాలలో వేడిని పుట్టించే ప్రత్యేక కణజాలము. తెల్ల కొవ్వు శక్తిని నిలువ చేయగా, ఇది శక్తిని ఖర్చు చేసి శరీరమును వెచ్చగా ఉంచుతుంది. ఇనుము కలిగిన మైటోకాండ్రియాలు విస్తారంగా ఉండుట వలన దీనికి ఈ రంగు వచ్చినది.

పనిచేయు విధానం: చలి తగలగానే నాడుల నుండి నార్‌ఎడ్రినలిన్ విడుదలై కొవ్వును కరిగిస్తుంది. యుసిపి1 అనే ప్రోటీను ఆ శక్తిని ఏటీపీ తయారీకి పోనీయక వేడిగా మారుస్తుంది. కావున వణుకు లేకుండానే వేడి పుడుతుంది.

గొర్రెపిల్లలలో: కర్నూలు, కడప జిల్లాల మెట్ట ప్రాంతాలలో గొర్రెల పెంపకం ఎన్నో కుటుంబాలకు జీవనాధారము. తడి ఒంటితో పుట్టిన పిల్ల చలి రాత్రి బ్రతుకుటకు, వణుకుతో పాటు, మూత్రపిండాల చుట్టూ ఉన్న ఈ కొవ్వు తోడ్పడుతుంది. పాలు అందనిచో ఈ నిలువ త్వరగా తరిగిపోతుంది. అందుచేత పిల్లను వెంటనే తుడిచి, ముర్రుపాలు త్రాగించాలి. కొన్ని వారాలలో ఇది తెల్ల కొవ్వుగా మారుతుంది.

మానవులలో: శిశువులలో ఇది భుజఫలకాల మధ్య ఉంటుంది. పెద్దవారిలో కూడా ఇది పనిచేయునని 2009లో నిర్ధారించారు.