కొండల భాషకు కలం పట్టిన మౌలూద్ మామెరీ

అల్జీరియా అనగానే ఫ్రెంచివారి మీద సాగిన స్వాతంత్ర్య సమరం గుర్తుకొస్తుంది. ఆ దేశంలో అరబ్బీతోపాటు అంతకన్నా పాత భాష ఒకటుంది. దాని పేరు తమాజిగ్. అది మాట్లాడేవారిని లోకం బెర్బెర్లు అన్నది. వాళ్లు తమను అమాజిగ్ అని చెప్పుకుంటారు. వీరిలో అత్యధికులు ముస్లింలే. నమాజు అరబ్బీలో, ఇంట్లో మాట తమాజిగ్‌లో. బడిలో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మాకు ఇందులో వింతేమీ కనబడలేదు.

మౌలూద్ మామెరీ 1917లో కబీలియా కొండల్లోని తావురీర్త్ మీమూన్ గ్రామంలో జన్మించారు. రబాత్, అల్జీర్స్, పారిస్ నగరాల్లో చదివి ఉపాధ్యాయులయ్యారు. ఫ్రెంచిలో నవలలు రాశారు. 1952లో వచ్చిన 'మరచిన కొండ' తన ఊళ్ల కథే. స్వాతంత్ర్య యుద్ధం మీద 1965లో రాసిన నవల సినిమాగా కూడా వచ్చింది.

నవలలతో పేరొచ్చింది సరే, ఆయన మనసు మాత్రం తన భాష మీదే ఉండేది. కబీలియాలో సీ మొహంద్ అనే కవి ఉండేవాడు. 1871 తిరుగుబాటును ఫ్రెంచివారు అణచివేసినప్పుడు ఆయన తండ్రిని చంపారు, భూములు జప్తు చేశారు. ఆ కవి ఊరూరా తిరుగుతూ పద్యాలు చెప్పి 1905లో కన్నుమూశాడు. జనం వాటిని నోటనే దాచుకున్నారు. మామెరీ వాటిని సేకరించి 1969లో అచ్చు వేయించారు. 1976లో తమాజిగ్ వ్యాకరణాన్ని ఆ భాషలోనే రాశారు.

1980 మార్చి 10న తీజీ ఉజూ విశ్వవిద్యాలయంలో పాత కబీలీ కవిత్వం మీద ఆయన ఉపన్యాసం ఉండగా, అధికారులు దాన్ని నిషేధించారు. అరబ్బీ ఒక్కటే ఉండాలని సర్కారు పట్టుదల. పద్యాల గురించి మాట్లాడితే ఏం మునుగుతుంది? విద్యార్థులు ఊరుకోలేదు. ఏప్రిల్ 20న బలగాలు విశ్వవిద్యాలయంలో జొరబడ్డాయి, ఎందరినో నిర్బంధించారు. ఆ ఉద్యమాన్నే 'బెర్బెర్ వసంతం' అంటారు. ఉపన్యాసం జరిగి ఉంటే ఒక హాలు నిండా జనం వినేవాళ్లు. ఆపినందువల్ల దేశమంతా విన్నది.

మామెరీ 1989లో మొరాకో నుంచి తిరిగి వస్తూ కారు ప్రమాదంలో మరణించారు. తమాజిగ్‌కు 2002లో జాతీయ భాషగా, 2016లో అధికార భాషగా రాజ్యాంగంలో స్థానం దొరికింది. అది చూడడానికి ఆయన లేరు. ఉపన్యాసం జరగకుండా ఆగిపోయిన ఆ విశ్వవిద్యాలయానికి ఈనాడు ఆయన పేరే ఉంది.

సోదర సోదరీమణులారా, మన నానీ, దాదీల నోట ఉన్న జోలపాటలు, సామెతలు, పహేలీలు ఎన్ని కాగితం మీదికి ఎక్కాయి? పెద్దలు ఉండగానే పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించండి. అందుకు సర్కారు అనుమతి అక్కరలేదు.