అదను తప్పిన మంచు

మంచు అనగానే మనకు ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు మీద పల్చగా పడే తుషారమే గుర్తొస్తుంది. కాశ్మీరు లోయలో మంచంటే అదా! గుమ్మాలు కప్పేస్తుంది, దారులు మూసేస్తుంది. అయినా అక్కడివాళ్ళు దానికోసం ఎదురుచూస్తారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డుచలిని 'చిల్లై కలాన్' అంటారు. అప్పుడు కొండల మీద పడి గట్టిపడిన మంచే వేసవిలో మెల్లగా కరిగి జీలం నదికీ, వరిమళ్ళకూ నీరవుతుంది. ఆ చలిరోజుల కోసం ఇల్లాళ్ళు ఎండలుండగానే సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలు ఎండబెట్టి దాచుకుంటారు. మనం ఒరుగులు పెట్టుకోమూ, అలాగే. నీలమత పురాణమైతే తొలి మంచు పడిన రోజున పండుగ చేసుకోమంది.

మరి ఆ మంచే అదను తప్పితే? 12వ శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణిలో ఒక పాతకాలపు కథ చెప్పాడు. తుంజీనుడనే రాజు ఏలుబడిలో, భాద్రపద మాసంలో, వరి పండబోయే వేళ ఉన్నట్టుండి మంచు కురిసి చేలన్నీ ముంచేసింది. కరువు వచ్చిపడింది. రాజు బొక్కసం ఖాళీ చేశాడు, నగలు అమ్మాడు. చాలలేదు. ఇక ఈ బాధ చూడలేనని అగ్నిలో దూకబోయాడు. అడ్డుపడింది రాణి వాక్పుష్ట. ప్రజలను కాపాడడమే రాజు వ్రతమని నచ్చజెప్పింది. ఆమె ప్రార్థన ఫలించి రోజూ ఇంటింటా చచ్చిన పావురాలు ఆకాశం నుంచి రాలాయట. వాటితోనే జనం బతికారట.

పావురాల మాట నేను నమ్మను. కానీ మగవాడు చేతులెత్తేసిన వేళ నిలబడ్డ ఆడదాని మాట మాత్రం నమ్ముతాను.

ఇదంతా ఏనాటిదో అనుకోకండి. 2018 నవంబరు మొదట్లో కాశ్మీరులో మంచు ముందుగానే ముంచుకొచ్చింది. ఆపిల్ చెట్లకింకా ఆకులు రాలలేదు, కొన్నిటికి కాయలూ కోయలేదు. బోడికొమ్మ మీది మంచు జారిపోతుంది. ఆకులున్న కొమ్మ మీద పేరుకుంటుంది. ఆ బరువుకు కొమ్మలే కాదు, మానులే నిలువునా చీలిపోయాయి. 2019 నవంబరులో మళ్ళీ అదే దెబ్బ. వరి పోతే మరుసటేడు నాటుకోవచ్చు. ఆపిల్ మొక్క నాటి కాపుకొచ్చేదాకా ఏళ్ళు ఆగాలి.

ఈసారి ఆకాశం నుంచి పావురాలేవీ రాలలేదు. పిల్లల చదువులూ, పెళ్ళిళ్ళూ, తోట మీది అప్పులూ ఆ ఇళ్ళలో ఎందరు వాక్పుష్టలు సర్దుకొచ్చారో! వాళ్ళ కథ రాయడానికి కల్హణుడు లేడు.